మచ్చలేని విమానం

రాష్ట్రానికి ఒక బుల్లి విమానం తక్షణం అవసరమని పైనుంచి ఉత్తర్వు వచ్చే నాటికి, మా వినోద విమానయాన మండలిలో అందరికీ కలిపి విమానం గురించి తెలిసింది ఒక్కటే, అది పైన ఎగురుతుందని. ఆ ఏడు ఎక్కడ చూసినా విమానాల మోజే. పెళ్లిపందిళ్ల ముందు థర్మకోలు విమానాలు వేలాడదీశారు. మా వీధి చివర కాజాల కొట్టతను రెక్కలున్న కాజా చేసి అద్దాల బీరువాలో పెట్టాడు. ఊరంతా ఇలా ఎగురుతుంటే ప్రభుత్వం కింద కూచోవడం బాగోదని మా మండలిని స్థాపించారు. కాకినాడలో ఒక పాత ధాన్యం గోదాము మేడ మీద ఆఫీసు ఇచ్చారు. నేను, తటవర్తి జోగారావుని, అందులో సూపరింటెండెంటుని.

నాగపూరులో జరగబోయే జాతీయ విన్యాసాల పోటీకి తీగ విమానాన్నీ, దాని ఇంజనునీ, ఎగరేసే మనిషినీ ఎంపిక చేసి పంపాలన్నది ఉత్తర్వు సారాంశం. తీగ విమానం అంటే పెద్ద విషయం కాదు. మూరెడు పైచిలుకు రెక్కలు, ముక్కుకి బొటనవేలంత ఇంజను. దానికి రెండు సన్నటి ఉక్కు తీగలు కట్టి, వాటి రెండో చివర ఒక పిడికి బిగిస్తారు. ఆ పిడి పట్టుకుని మనిషి మధ్యలో నిలబడి గుండ్రంగా తిరుగుతుంటే విమానం అతని చుట్టూ ఎగురుతుంది. మణికట్టు పైకి వంచితే అది పైకి లేస్తుంది, కిందికి వంచితే కిందికి దిగుతుంది. అలా గిరికీలు కొట్టించాలి, బోర్లా, అంటే తలకిందులుగా ఎగరేయాలి, గాల్లో ఎనిమిది అంకె వేయాలి, చతురస్రం గీసి దాని మూలలు తిప్పాలి. ఎంత నున్నగా వేస్తే అన్ని మార్కులు.

మా డైరెక్టరు విన్నకోట శేషాచలపతి గారు మొదటి సమావేశంలోనే ఒక మౌలికమైన ప్రశ్న లేవనెత్తారు.

"ప్రభుత్వ ధనంతో సేకరించిన విమానం నేలకూలితే బాధ్యత ఎవరు వహిస్తారు?"

అందరూ టేబులు వంక చూశారు. అకౌంట్సు ఆఫీసరు ఆకెళ్ల కామేశ్వరి గారు కళ్లజోడు తుడుచుకుని, "కూలకుండా చూసుకోవడమే శ్రేయస్కరం సార్," అన్నారు.

"సరిగ్గా చెప్పారు. పూర్వం కూలిన విమానం మళ్లీ కూలడానికి అవకాశం ఉన్నది. కనుక ఏ కాలంలోనూ, ఏ కారణం చేతనూ కూలని విమానాన్ని మాత్రమే మండలి పరిగణనలోకి తీసుకుంటుంది. రాసుకోండి జోగారావు గారూ."

రాసుకున్నాను. ఆ మాట అప్పుడు నాకు చాలా సబబుగా తోచింది.

ఎంపిక రోజున గోదాము మేడ మీదికి రెండు పక్షాలు వచ్చాయి. మొదటి పక్షం మేడిశెట్టి ప్రసూన, ఆవిడ బాబాయి బుల్లెబ్బాయి. ప్రసూన గాంధీనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. నాలుగైదేళ్లుగా తెల్లవారకుండానే సముద్రపొడ్డుకి వెళ్లి తీగ విమానం ఎగరేయడం ఆవిడ అలవాటు. బుల్లెబ్బాయికి జగన్నాయకపురంలో పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. గొంతు పెద్దది. ఆయన మెట్లెక్కుతుండగానే మాకు పోట్లాట వినిపించింది. తీరా చూస్తే ఆ పోట్లాట మాతో కాదు, వాళ్లిద్దరి మధ్యే.

"చెప్తే ఇనవేటే. పెద్ద ఇంజను పెట్టు. గాలొచ్చినా గింజుకోదు."

"పెద్దింజను పెడితే ముక్కు బరువెక్కిపోద్ది బాబాయ్. మూల తిప్పేటప్పుడు వెడల్పుగా పోద్ది. తేలిగ్గా ఉంటేనే ఇది చెప్పినమాట వింటది."

"చిన్నింజను పైకెళ్లేటప్పుడు ఆయాసపడద్ది."

"పడదు. నువ్వు ఇంజను నూనెలో ఆముదం కాస్త తగ్గించి కలిపితే పడదు."

వాళ్ల విమానాన్ని టేబులు మీద పెట్టారు. పల్చటి చెక్క, పైన కాగితం, దాని మీద నీలం రంగు. ఒక రెక్కకి అతుకు ఉంది, తోకకి రెండు. డైరెక్టరు గారు చేత్తో ముట్టుకోకుండా పెన్సిలు మొనతో ఆ అతుకుల్ని చూపించారు.

"ఇది ఎప్పుడైనా పడిందా?"

"పడకుండా ఎలా నేర్చుకుంటామండి?" అంది ప్రసూన.

"ప్రశ్నకి ప్రశ్న సమాధానం కాదు. పడిందా, లేదా?"

"పడిందండి. చాలాసార్లు."

కామేశ్వరి గారు నా వైపు తిరిగి, "అభ్యర్థిని నేరం అంగీకరించినట్టు రాయండి," అన్నారు.

రెండో పక్షం ఒక సరఫరాదారు. ఆయన తెచ్చిన విమానం గాజుపెట్టెలో ఉంది. నిగనిగలాడే బంగారు రంగు. చెక్క టేకుదట. తయారైన నాటినుంచి పెట్టె దాటి బయటికి రాలేదని ఆయన సగర్వంగా చెప్పాడు. బుల్లెబ్బాయి అడక్కుండానే పెట్టె తెరిచి దాన్ని చేత్తో ఎత్తి చూశాడు.

"ఇది ఇమానం కాదండి. పీట. దీనిమీద కూచుని అన్నం తినొచ్చు."

డైరెక్టరు గారు ఆ వ్యాఖ్యని రికార్డు నుంచి తొలగింపజేశారు. పూర్వ చరిత్ర నిష్కళంకం అన్న కారణం చేత బంగారు విమానం ఏకగ్రీవంగా ఎంపికైంది.

ఇక ఇంజను. పనిచేస్తూ పనిచేస్తూ మధ్యలో ఆగిపోయే ఇంజను ప్రమాదకరం కనుక, ఎన్నడూ ఆగని ఇంజనునే తీసుకోవాలని డైరెక్టరు గారు నిర్దేశించారు.

"నూనయిపోతే ఏ ఇంజనైనా ఆగుద్దండి బాబూ," అన్నాడు బుల్లెబ్బాయి.

"అంటే మీ ఇంజను ఆగిందన్నమాట."

"రోజూ ఆగుద్ది. మళ్లీ తిప్పితే మళ్లీ తిరుగుద్ది."

"ఆగడం దాని స్వభావమని మీరే సెలవిస్తున్నారు." డైరెక్టరు గారు దీర్ఘంగా నిట్టూర్చి సరఫరాదారు వైపు తిరిగారు. "మీది?"

"ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆగలేదండి. మొదలెడితేగా."

ఆ ఇంజను ఎంపికైంది. ఎవరూ పొరపాటున తిప్పకుండా దాని నోట్లో లక్క పోసి మండలి ముద్ర వేశాం.

మిగిలింది ఎగరేసే మనిషి. ప్రసూన పేరు చర్చకే రాలేదు. తన చేత్తో విమానాన్ని కూల్చిన చరిత్ర స్వయంగా ఒప్పుకున్న మనిషి. ప్రకటన ఇస్తే చాలామంది వచ్చారు. విమానం ముట్టని వాళ్లనే పిలిచాం, అయినా లోతుగా విచారిస్తే ఎవరి మచ్చలు వాళ్లకున్నాయి. ఒకతను చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డాడు. ఒకాయన గాలిపటం తెంచుకున్నాడు. పోలీసు శాఖ నుంచి వచ్చిన ఒక దృఢకాయుడు అన్నిట్లోనూ నెగ్గుకొచ్చి, చివర్లో తను పెళ్లిలో అరుంధతిని చూస్తూ పీట మీంచి తూలానని నోరుజారాడు.

డైరెక్టరు గారు విసిగిపోయి కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత నన్ను చూశారు.

"జోగారావు గారూ, మీ సర్వీసులో ఏదైనా పొరపాటు జరిగిందా?"

"లేదండి."

"ఎలా?"

"పని ఏదైనా నా దగ్గరికొస్తే పైకి పంపేవాణ్ణండి. పైనుంచి వస్తే కిందికి."

"నిచ్చెన ఎక్కారా ఎప్పుడైనా?"

"ఇంట్లో బల్బు మా ఆవిడే మారుస్తుందండి."

ఆయన లేచి నాతో చేయి కలిపారు. అలా నేను రాష్ట్రం తరఫున విమానం ఎగరేసే మనిషినయ్యాను.

ఇంటికి వెళ్లి చెబితే మా ఆవిడ సత్యవతి బియ్యంలో రాళ్లేరుతూ తలెత్తి, "మీరా? విమానమా?" అంది. అంతలోనే, "పోన్లెండి, తాడు కట్టే ఉంటుందన్నారుగా," అని మళ్లీ చేటలోకి తల వంచింది.

మర్నాడు శిక్షణ గురించి అడిగాను. సాధన చేస్తే పొరపాట్లు దొర్లుతాయనీ, పొరపాట్లు దొర్లితే అర్హత పోతుందనీ, అర్హత కాపాడుకోవడమే నా శిక్షణ అనీ డైరెక్టరు గారు వివరించారు. అందుచేత పోటీ దాకా రోజూ పిడిని చూస్తూ కూచున్నాను. ముట్టుకోలేదు.

ఒక మధ్యాహ్నం ప్రసూన ఒంటరిగా ఆఫీసుకి వచ్చింది. బడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతులకి సుద్ద అంటుకుని ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మండలి పేరు లేకపోతే నాగపూరులో రానివ్వరటండి. ముందైతే ఎవరికి వాళ్లే వెళ్లేవాళ్లం. మీ మండలి వచ్చాకే ఈ రూలు."

"అవునమ్మా."

"నన్ను తీసుకోకపోతే పోనీ. అక్కడ ఎలా ఎగరేస్తారో చూడనివ్వండి. బోర్లా ఎగిరేటప్పుడు మూల తిప్పడం నాకింకా సరిగ్గా కుదరట్లేదు. చూస్తే అందిపుచ్చుకుంటాను. ఊరికే నిలబడి చూస్తాను సార్, అంతే."

ఊరికే నిలబడే పదవి మా దగ్గర ఒకటి నిజంగానే ఖాళీగా ఉంది. సామాన్లు మోసే సహాయకులు. దానికి మచ్చలేని చరిత్ర అక్కర్లేదు, ఎందుకంటే ఆ పదవి గురించి ఎవరూ ఆలోచించలేదు. ప్రసూననీ, బుల్లెబ్బాయినీ అందులో వేసుకున్నాను. ఆవిడ సరేనని వెళ్లిపోయింది. లెక్కలు చెప్పే పంతులమ్మ చేత సామాను మోయించడానికి పేరు రాశానన్న ఆలోచన సాయంత్రం దాకా నన్ను వదల్లేదు. కాఫీ తాగినా వదల్లేదు.

సామర్లకోటలో రైలెక్కాం. బంగారు విమానానికి కింది బెర్తు రిజర్వు చేశాం, దాని గాజుపెట్టె కదలకుండా దిళ్లు పెట్టాం. పై బెర్తు మీద నేను. డైరెక్టరు గారూ, కామేశ్వరి గారూ వేరే ఏసీ పెట్టెలో ఉన్నారు. ప్రసూన తన నీలం విమానాన్ని అట్టపెట్టెలో పెట్టి, పైన అప్పడాల పొట్లాలు సర్ది, వంటసామాను అని రాసి తెచ్చుకుంది. దారిపొడుగునా బాబాయీ కూతురూ ఆముదం పాళ్ల మీద కీచులాడుకుంటూనే ఉన్నారు. బల్లార్షా దాటాక బుల్లెబ్బాయి నన్నడిగాడు.

"తిరుగుతుంటే కళ్లు తిరుగుతాయండి. తెలుసా మీకు?"

"తెలీదండి."

"ఇమానం మీదే సూపుంచాలి. వెనకాల సెట్లూ, జనం కనిపించారా, ఇంకంతే. కూలబడిపోతారు."

"నాది ఎగరదు కదండీ."

ఆయన నా మొహంలోకి చూసి, చేగోడీలు పెట్టాడు.

నాగపూరులో మైదానం పచ్చగా, విశాలంగా ఉంది. పంజాబు నుంచి, బెంగాలు నుంచి, ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. విమానాలు తేనెటీగల్లా రొద చేస్తూ తిరుగుతున్నాయి. బెంగాలు కుర్రాడి విమానం గిరికీ మధ్యలో నేలకి గుద్దుకుని ముక్కలైంది. అతను నవ్వుతూ ముక్కలేరుకుని పక్కకి వెళ్లి జిగురు తీశాడు. డైరెక్టరు గారు షామియానా కింద కూర్చుని ఆ దృశ్యాన్ని చూసి, "చూశారా, ఎంత బాధ్యతారాహిత్యమో," అన్నారు.

మా వంతు వచ్చింది.

"మీరు గౌరవప్రదంగా నిలబడండి. ఇచ్చిన సమయం ముగియగానే నమస్కరించి వచ్చేయండి. దోషం లేదు కనుక మార్కులు తగ్గించే అవకాశం వాళ్లకి లేదు," అని డైరెక్టరు గారు నా భుజం తట్టారు.

మధ్యలోకి వెళ్లి పిడి పట్టుకున్నాను. అదే మొదటిసారి ముట్టుకోవడం. తీగల చివర బంగారు విమానం గడ్డి మీద మెరుస్తోంది. ఎదురుగా ముగ్గురు న్యాయనిర్ణేతలు, అందరూ ముసలివాళ్లే, పెన్సిళ్లు పట్టుకుని చూస్తున్నారు. జనం కూడా ఏదో గొప్ప విన్యాసం మొదలవుతుందని గీత దాకా ముందుకి జరిగారు. నేను గౌరవప్రదంగా నిలబడ్డాను. గాలి వీచింది. బంగారు విమానం కదల్లేదు. ఎవరో నవ్వారు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన హిందీలో, ఏమిటి ఆలస్యం అన్నట్టు చేయి తిప్పి అడిగాడు. నాకు హిందీ రాదు, వచ్చినా చెప్పడానికి ఏమీ లేదు.

గీత అవతల ప్రసూన నిలబడి ఉంది. నవ్వడం లేదు. నా చేతిలో పిడి వైపే చూస్తోంది. ఆకలితో ఉన్న మనిషి పక్క విస్తరి వైపు చూడకూడదని చూపు తిప్పుకుని, మళ్లీ అటే చూసినట్టు చూస్తోంది.

నా సర్వీసు అంతటిలో మొట్టమొదటిసారి పైకీ కిందికీ పంపడానికి వీల్లేని పని ఒకటి నా చేతిలో ఉందని అప్పుడు తెలిసింది. పైనున్నది ఆకాశం, కిందున్నది గడ్డి. మరి పక్కకి పంపొచ్చా అని ఆలోచించాను. పంపొచ్చు. ఆ నిబంధన నాకు కంఠతా వచ్చు.

పిడిని జాగ్రత్తగా కింద పెట్టి, షామియానా దగ్గరికి నడిచి వెళ్లాను.

"సార్, నాకు ఒక పూట క్యాజువల్ లీవు కావాలి."

డైరెక్టరు గారు ఉలిక్కిపడ్డారు. "ఇప్పుడా? కారణం?"

"కళ్లు తిరుగుతున్నాయండి."

"మీరు తిరగలేదు కదా."

"అందుకేనండి. తిరగకుండానే తిరుగుతున్నాయంటే తిరిగితే పడిపోతాను. పడితే మచ్చ."

మచ్చ అన్న మాటకి ఆయన మొహం మారింది. కామేశ్వరి గారు వెంటనే, "సెలవు మంజూరు చేయడమే క్షేమం సార్. కానీ చార్జి ఎవరికి అప్పగిస్తారు?" అన్నారు.

"సెలవు మీద వెళ్లే ఉద్యోగి, అందుబాటులో ఉన్న తర్వాతి సిబ్బందికి చార్జి అప్పగించాలండి. అందుబాటులో సామాన్ల సహాయకురాలు ఉన్నారు."

"ఆవిడకి అర్హత లేదు," అన్నారు డైరెక్టరు గారు.

"నియామకానికి అర్హత కావాలి కానీ, అదనపు చార్జికి అర్హత ఎవరూ అడగరండి. మీరు కూడా మత్స్యశాఖకి అదనపు చార్జిలో ఉన్నారు."

ఆయన చాలాసేపు ఆలోచించారు. చేపల గురించి అనుకుంటాను. "మరి విమానం?"

"మండలి విమానానికి మచ్చ రాకూడదంటే దాన్ని ఎగరనివ్వకూడదండి. తాత్కాలిక ప్రాతిపదికన వంటసామానులోంచి ఇంకోటి వాడుకుంటారు."

నియమాల్లో ఎక్కడా అభ్యంతరం దొరక్క ఆయన సంతకం చేశారు. సంతకం ఆరకముందే బుల్లెబ్బాయి అప్పడాలు పక్కన పడేసి నీలం విమానాన్ని తీగలకి తగిలించాడు. ప్రసూన నా దగ్గరికి వచ్చి, "నిజంగానే నాకేనా సార్?" అని మెల్లిగా అడిగింది.

"చార్జి తీసుకోమ్మా," అన్నాను.

బుల్లెబ్బాయి వేలితో విమానం ముక్కు మీది ఫ్యాను తిప్పాడు. ఇంజను తుమ్మింది. మళ్లీ తిప్పాడు. అందుకుంది. కాలిన ఆముదం వాసన గుప్పుమంది. ఆయన చేతులు వదలగానే విమానం గడ్డి మీద చిన్నగా పరుగెత్తి గాల్లోకి లేచింది. ప్రసూన ముందు రెండు చుట్లు తాపీగా తిప్పింది. తర్వాత మణికట్టు ఎప్పుడు వంచిందో నేను చూడలేదు. విమానం నిటారుగా లేచి, ఆవిడ తల మీదుగా వంకీ తిరిగి, బోర్లా అయి అలాగే వెళ్లిపోయింది. కోడిగుడ్డంత నున్నగా గిరికీలు వేసింది. ఎనిమిది వేసింది. కిందికి దిగినప్పుడల్లా గడ్డికి జానెడు ఎత్తులో రొద చేస్తూ వెళ్తుంటే నా కాళ్లు వాటంతటవే పైకి లేచాయి.

బోర్లా ఎగురుతూ మూల తిప్పేచోట రెక్క ఒక్క క్షణం తడబడింది. బుల్లెబ్బాయి నా మోచెయ్యి పట్టుకుని నలిపేశాడు. ఆవిడ ఒకడుగు వెనక్కి వేసి తీగలు బిగలాగింది. విమానం సర్దుకుంది. నూనె అయిపోయి ఇంజను ఆగింది, గడ్డి మీద చప్పుడు లేకుండా దిగింది. జనం చప్పట్లు కొట్టారు. నేను సెలవులో ఉన్నాను గనక నేను కూడా కొట్టాను.

"ఆముదం నేను సెప్పినట్టు కలిపుంటే ఆ మూల కూడా తిరిగేది," అన్నాడు బుల్లెబ్బాయి కళ్లు తుడుచుకుంటూ.

మూడో స్థానం వచ్చింది.

కాకినాడ చేరాక సమీక్షా సమావేశం జరిగింది. మేము మిఠాయిలు తెచ్చాం. డైరెక్టరు గారు ముట్టుకోలేదు.

"మూడో స్థానం అనగా ఏమి? మనకన్న ఇద్దరు ముందున్నారని. అనగా మండలి ఇద్దరి చేతిలో ఓడినది. నిన్నటి వరకూ మనం ఎవరి చేతిలోనూ ఓడలేదు."

"పోటీకి వెళ్లలేదు గనక," అంది ప్రసూన.

"అదే నిష్కళంక చరిత్ర అంటే."

తర్వాత ఆయన గొంతు సవరించుకుని, మచ్చపడిన దేన్నీ మండలి ఉంచుకోజాలదని మొదటి సమావేశంలోనే తీర్మానించామనీ, ఇప్పుడు మచ్చ మండలికే పడిందనీ, కనుక మండలిని రద్దు చేయమని ఆయనే స్వయంగా సిఫారసు చేస్తున్నారనీ ప్రకటించారు. ఆ నిజాయితీకి పైవాళ్లు కదిలిపోయారట. మండలిని రద్దు చేసి, దాని స్థానంలో ఇంతవరకూ ఏ పనీ చేయని ఒక కొత్త మండలిని పెట్టారు. పోటీ సమయంలో మైదానంలో కాలు పెట్టకుండా షామియానా కిందే ఉన్నందుకు శేషాచలపతి గారినే దానికి అధ్యక్షుణ్ణి చేశారు. బంగారు విమానం గాజుపెట్టెలో ఆయన గదిలో ఉంది. కొత్త మండలి అన్నిటికీ మించి ఒక మంచి పని చేసింది. అది ఇంకా ఏ రూలూ పెట్టలేదు గనక, పోటీలకి ఎవరికి వాళ్లు మళ్లీ వెళ్లొచ్చు. ప్రసూన వచ్చే పోటీకి పేరిచ్చేసింది.

నన్ను మత్స్యశాఖకి బదిలీ చేశారు. పోటీ మధ్యలో సెలవు పెట్టిన మచ్చ ఉంది గనక ఇక నన్ను దేనికీ ఎంపిక చేయరని సత్యవతి చాలా నిశ్చింతగా ఉంది. వీధిలో అందరితో చెప్పుకుంటోంది కూడా.

కిందటి ఆదివారం తెల్లవారుతుండగా సముద్రపొడ్డుకి వెళ్లాను. ప్రసూన తన పాత విమానం ఒకటి తెచ్చి నా చేతిలో పిడి పెట్టింది. వెనకాల నిలబడి నా మణికట్టు పట్టుకుని, "గట్టిగా వంచకండి సార్. కొంచెం అనుకుంటే చాలు," అంది. బుల్లెబ్బాయి ఇంజను అందించాడు. తీగలు బిగిశాయి. అవతల ఒక ప్రాణమున్నది లాగుతున్నట్టు చెయ్యి జివ్వుమంది. అరచుట్టు బ్రహ్మాండంగా తిప్పాను. ఆ తర్వాత వెనకాల సర్వితోట కనిపించింది, సముద్రం కనిపించింది, మళ్లీ సర్వితోట కనిపించింది. విమానం ఇసకలోకి ముక్కు దిగేసింది. నేను పక్కనే కూలబడ్డాను.

కళ్లు తెరిచేసరికి బాబాయీ కూతురూ రెక్క ముక్కలు చేతుల్లో పట్టుకుని ఏ జిగురు వాడాలో పోట్లాడుకుంటున్నారు. లేచి ఇసక దులుపుకుని, దూరంగా పడ్డ తోకని తెచ్చి వాళ్ల మధ్య పెట్టాను.

"మళ్లీ ఎప్పుడండి?" అన్నాను.

"జిగురారాక," అంది ప్రసూన.

ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.